చిన్న మేస్త్రీ

గోడకి పట్టించిన సిమెంటు మూడోసారి జారి పాదాల మీద పడ్డప్పుడు లెక్కల మాస్టారు కోప్పడలేదు. ఒక అడుగు వెనక్కి వేశారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కాలు తప్పే పిల్లవాణ్ణి చూసినట్టు ఆ గోడని చూశారు.

"గోడని ముందు తడపాలేమోనండీ," అంది వెనకనుంచి ఆయన భార్య. చేతిలో జల్లెడ ఉంది. పొద్దుటి నుంచి ఇసుక జల్లిస్తుంటే దుమ్ముకి ఆమె కనుబొమలు తెల్లబడ్డాయి.

"తడిపితే ఇంకా జారుతుంది."

"అహ, పొడి ఇటుక నీళ్ళన్నీ పీల్చేస్తుంది కదా. ఇంక దేన్ని పట్టుకుని నిలబడుతుంది పాపం?"

"పుస్తకంలో ఒకటికి నాలుగు పాళ్ళని ఉంది. నాలుగే వేశాం. కలపడంలో తేడా వచ్చుంటుంది."

కలిపింది ఆమె. వంగి, కింద పడిన ముద్దని రెండు చేతులతో తట్టలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

ఇల్లు కొని రెండు నెలలైంది. నలభై ఏళ్ళ కిందటి ఇల్లు. ముందుగది, నడిమిగది, వంటిల్లు, వెనక చిన్న వరండా, ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా ఉంటాయి. చెయ్యి తగిలితే చాలు గోడలు పెచ్చులూడుతున్నాయి. నడిమిగదిలో నేల నుంచి నడుమెత్తు దాకా చెమ్మ. కిటికీలు మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. మేస్త్రీ ఒకడు వచ్చి, గదిగదీ తిరిగి, "ఇదంతా ఊడగొట్టి మళ్ళీ చెయ్యాలి మాస్టారూ," అని పెదవి విరిచి పోయాడు. వేసవి సెలవులు చేతిలో ఉన్నాయి. కూతురు సెలవులకని మేనత్త ఇంటికి వెళ్ళింది. "గోడంటే ఏముంది, నిలువూ అడ్డమూ. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లలకి నేను చెప్పేదే అది," అన్నారు మాస్టారు. ఆ సాయంత్రమే తాపీ, రసమట్టం, తూకం గుండు, పొడవాటి బద్ద, టేపు కొనుక్కొచ్చి నడిమిగదిలో వరసగా మేకులకి తగిలించారు. ఆ గోడ బడిలో ల్యాబులా తయారైంది.

ఊడగొట్టడం బాగానే సాగింది. పడగొట్టే పనికి పెద్దగా నేర్పు అక్కర్లేదు. ఆయన సుత్తి ఎత్తే ముందు ఆమె వేళ్ళు మడిచి గోడ మీద తలుపు కొట్టినట్టు కొట్టేది. "ఇక్కడ గుల్ల. ఇక్కడ గట్టిగానే ఉందండీ, దీన్ని కదపొద్దు," అనేది. ఆయన నవ్వేవారు. అంతా సమానంగా ఉండాలని గట్టిగా ఉన్నదాన్ని కూడా ఊడగొట్టారు. ఊడనని మొండికేసిన చోట ఇటుకలు పగిలాయి.

కట్టడంలో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. రెండు రోజుల్లో ఒక మూల, నాలుగు చేతుల వెడల్పు, ఎలాగో నిలబడింది. అది కూడా బద్ద ఆనించి చూస్తే మధ్యలో పొట్ట ఉబ్బింది. మూడో రోజు బడి నుంచి కబురొచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దడానికి మనుషులు చాలలేదట, రెండు రోజులు రావాలట. మాస్టారు మొహంలో విసుగు చూపించారు గానీ, చెప్పులు వేసుకుంటుంటే ఒళ్ళు తేలికైంది.

మొదటిరోజు సాయంత్రం వచ్చేసరికి నడిమిగది గోడ నిలువునా తడిసి ఉంది. ఇటుకల మధ్య సందులు లోతుగా గీకి ఉన్నాయి. గోడ పొడవునా సిమెంటు చిలకరించినట్టు పలచగా, గరుకుగా ఒక పొర. అక్కడక్కడ అరచేతంత ముద్దలు, ఒక్కో ముద్దలో ఒక్కో పెంకు ముక్క.

"ఏమిటీ దిష్టిచుక్కలు?" అన్నారు.

"మట్టానికి గుర్తులు. ఊరికే, చేసి చూద్దామని."

"సరే, ఆడుకో."

రెండోరోజు ఆయన కాస్త ఆలస్యంగా వచ్చారు. కిటికీలోంచి ఇంకా వెలుతురు పడుతోంది. గుమ్మంలో చెప్పులు విడవబోయి, ఒకటి విడిచి, రెండోదాంతో అలాగే నిలబడిపోయారు.

గోడ అయిపోయింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, నేల నుంచి పైకప్పు దాకా ఒకే ముక్క. పై భాగానికి బల్ల మీద స్టూలు వేసి ఎక్కినట్టుంది, ఆ రెండూ పక్కనే ఉన్నాయి. కిటికీ చుట్టూ అంచులు గుండ్రంగా, సబ్బుబిళ్ళ అంచుల్లా ఉన్నాయి. చెమ్మగా, చల్లగా, బూడిదరంగులో ఆ గోడ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది.

మాస్టారు రసమట్టం తీసి గోడకి ఆనించారు. బుడగ సరిగ్గా మధ్యకొచ్చి ఆగింది. మరో చోట పెట్టారు. అక్కడా ఆగింది. తూకం గుండు వదిలారు. దారానికీ గోడకీ మధ్య దూరం పైనెంతో కిందా అంతే. పొడవు బద్ద తెచ్చి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి చూశారు. తప్పు కోసం వెతుకుతున్నానని ఆయనకి తెలుస్తూనే ఉంది.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చీర చెంగుతో చేతులు తుడుచుకుంటోంది. తుడుచుకోవడం ఎప్పుడో అయిపోయింది. ఇంకా తుడుస్తూనే ఉంది.

"బాగానే వచ్చింది," అన్నారు చివరికి.

ఆ ఒక్క మాటకి ఆమె మొహం విప్పారింది. "మర్చిపోయాననుకున్నానండీ. తాపీ పట్టుకుని ఎన్నేళ్ళయింది! కొత్తది కదా, పిడి లావుగా ఉంది, గుడ్డ చుట్టుకున్నా. మొదటి నాలుగు విసుర్లు సగం నేల మీదే. తర్వాత మణికట్టుకి గుర్తొచ్చింది. నాన్న నన్ను పనికి తీసుకెళ్ళేవాడు కదా బడి లేనప్పుడు. 'గోడని చూడకూడదమ్మా, వినాలి. ఎక్కడ నొప్పో అదే చెప్తుంది,' అనేవాడు. కూలీలంతా నన్ను చిన్న మేస్త్రీ అని పిలిచేవాళ్ళు. అలా పిలవమని నాన్నే నేర్పాడు వాళ్ళకి."

ఆమె అంత గబగబా మాట్లాడటం ఆయన చాలా కాలంగా వినలేదు. అన్నం దగ్గర కూడా చెప్తూనే ఉంది. మెట్లు కట్టేటప్పుడు కింది మెట్టు కన్నా పై మెట్టుకి ఎందుకు ఎక్కువసేపు పడుతుందో, ఇసుకని గుప్పిట్లో పట్టి వదిలితే చేతికి ఏమంటితే మంచిదో, ఏమంటితే చెడ్డదో. ఆయన తలాడిస్తూ విన్నారు. మధ్యలో ఒకసారి, "ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదే," అన్నారు.

"మీరు అడిగారా?" అంది ఆమె నవ్వుతూ. నవ్వుతూనే అంది.

మర్నాటి నుంచి పనులు తారుమారయ్యాయి. మాస్టారు ఇసుక జల్లించారు. మాస్టారు నీళ్ళు మోశారు. ఆమె బల్ల మీద నిలబడి చెయ్యి చాస్తే తట్ట అందించారు. తట్టని బొజ్జకి ఆనించుకోకూడదని, తుంటి మీద పెట్టుకోవాలని నేర్చుకున్నారు.

"తాపీ అలా పట్టుకుంటారేంటండీ, కలమా అది?"

"మరి?"

"చేత్తో కాదు, మోచేత్తో విసరాలి. ఊఁ. ఇంకాస్త. అబ్బ, గోడకండీ, నాక్కాదు!"

ఆమె జాకెట్టు మీద సిమెంటు ముద్ద. ఇద్దరూ నవ్వుకున్నారు. కిటికీ అవతల పక్కింటి నర్సమ్మ బట్టలు ఆరేస్తూ ఒక్క క్షణం ఆగి, తనూ నవ్వి, లోపలికి పోయింది.

నడిమిగది చెమ్మ నేలలోంచి వస్తోందని మాస్టారు తేల్చి నోటుపుస్తకంలో బొమ్మ కూడా వేశారు. ఆమె గోడకి చెవి పెట్టి, వేళ్ళతో కొట్టుకుంటూ పక్కకి జరిగి జరిగి, బయటికెళ్ళి, డాబా నీళ్ళు దిగే గొట్టం దగ్గర ఆగింది. అతుకు విడిపోయి ఉంది. వానకాలంలో నీళ్ళన్నీ గోడలోకే పోతున్నాయన్నమాట. మాస్టారు తన బొమ్మ మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద 'తప్పు' అని రాసి, మార్కులు సున్నా వేసి ఆమెకి చూపించారు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

నాలుగు రోజుల్లో నడిమిగది, వంటింట్లో ఒక గోడ పూర్తయ్యాయి. ముందుగది గోడ పెద్దది, వీధిలోంచి వచ్చేవాళ్ళకి మొదట కనిపించేది. "దాన్ని ఆఖర్న చేద్దాం. అప్పటికి నా చెయ్యి బాగా తిరుగుతుంది," అంది ఆమె. తలెత్తి ఆ గోడకేసి చూసిన చూపు, పండక్కి పట్టుచీర ఏరుకుంటున్నదానిలా ఉంది.

ఆదివారం పొద్దున్నే మాస్టారి అన్నయ్య, వదినగారు వచ్చారు. అన్నయ్య ఇంజనీరు. వంతెనలు కట్టిస్తారు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు ఒకసారి గోడలకేసి, స్లాబుకేసి చూడటం ఆయనకి అలవాటు. నడిమిగదిలోకి వచ్చి ఆగిపోయారు. కిటికీ అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా పై నుంచి కిందికి రాశారు.

"ఏ మేస్త్రీని పెట్టావురా? ఈ గుండ్రం ఇప్పుడెవరూ తీయట్లేదు. ఎవడికీ ఓపిక లేదు."

ఆమె మంచినీళ్ళ గ్లాసులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు ఆమెకేసి చూశారు. చెప్పడానికే నోరు తెరిచారు. ఆ సంగతి తర్వాత తనకి తనే ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. నిజంగా చెప్పడానికే తెరిచారు.

"మేస్త్రీ ఎవరూ లేరు. నేనే," అన్నారు.

"నువ్వా!" అంది వదినగారు.

"సెలవులే కదా అని."

అన్నయ్య తమ్ముడి మొహంలోకి చూశారు. "ఎక్కడ నేర్చావురా? మీ మామగారు కాంట్రాక్టరు కదూ, ఆయన దగ్గరా?"

కాంట్రాక్టరు. ఆ మాట పెళ్ళిచూపులప్పుడు మాస్టారు తన వాళ్ళతో తనే అన్నది. ఇరవై ఏళ్ళుగా వాడుకలో అరిగి నిజంలా నున్నబడింది. దాన్నిప్పుడు కదిపితే దాని వెనక ఇంకెన్ని పెచ్చులూడతాయో.

"అవును, ఆయన దగ్గరే కొంచెం," అన్నారు మాస్టారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. అన్నయ్య ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ చూపు కింద ఊరుకోలేక, "అసలు కిటుకేమిటంటే అన్నయ్యా, గోడని చూడకూడదు. వినాలి. ఎక్కడ నొప్పో అదే చెప్తుంది," అని వేళ్ళు మడిచి గోడ మీద కొట్టి చూపించారు.

గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడైంది.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. వదినగారు ఆమె చెయ్యి పట్టుకుని, "అయ్యో, చేతులేమిటే ఇలా పగిలిపోయాయి? ఆయనకి అందించేటప్పుడు తొడుగులు వేసుకోవచ్చుగా. అయినా అదృష్టవంతురాలివి, మా ఆయన వంతెనలు కట్టిస్తారు గానీ ఇంట్లో ఒక్క మేకు కొట్టరు," అంది.

"అవునక్కా," అంది ఆమె.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆమె మామూలుగానే వడ్డించింది, మామూలుగానే మాట్లాడింది, వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగి వచ్చి తాపీ పిడికి చుట్టిన గుడ్డ విప్పింది. తాపీ కడిగింది. గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసింది. తాపీని తీసుకెళ్ళి మాస్టారు కొట్టిన మేకుకి, మొదటిరోజు ఆయన ఎలా తగిలించారో సరిగ్గా అలాగే తగిలించింది.

సోమవారం పొద్దున మాస్టారు లేచేసరికి ముందుగదిలో ఇసుక జల్లించి కుప్పగా పోసి ఉంది. బకెట్లో నీళ్ళు. పాత దుప్పటి నేల మీద పరిచి ఉంది. ఆమె సిమెంటు కలిపి, తట్టలోకి ఎత్తి, బల్ల పక్కన పెట్టి, గోడకి కాస్త దూరంగా నిలబడింది.

"రా మరి, పెద్ద గోడ," అన్నారు మాస్టారు, గొంతులో లేని హుషారు తెచ్చుకుని. "నీ చెయ్యి తిరిగిందో లేదో చూద్దాం."

"మీరు కానివ్వండి. నేనందిస్తాను."

"నేనేం చేస్తాను? నువ్వే కదా..."

"నాకేం వచ్చండీ? మీరే కదా చేసింది."

ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. వెతికారు కూడా. తూకం గుండు దారంలా తిన్నగా వచ్చింది మాట.

"నిన్న తప్పు మాట్లాడాను. నోరు జారింది," అన్నారు.

"పోనివ్వండి. సిమెంటు గట్టిపడుతోంది."

మాస్టారు బల్ల ఎక్కారు. ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చేశారు. గోడ తడిపారు. మోచేత్తో విసిరారు. సగం అంటుకుంది, సగం కింద పడింది. బద్దతో లాగుతుంటే పక్కకి కొట్టుకుపోయింది. రెండో తట్టలో, తెలిసీ తెలియకా, ఇంకో చెంబెడు నీళ్ళు పోశారు. పోస్తూ ఆమెకేసి ఓరగా చూశారు. 'నీళ్ళెక్కువయ్యాయండీ' అంటుందని. ఆమె పలచబడుతున్న ఆ సిమెంటుని చూసింది. ఆమె పెదవులు కొంచెం విడివడి మళ్ళీ కలుసుకున్నాయి. తట్ట ఎత్తి అందించింది.

అది జారింది. ఆమె కూర్చుని దుప్పటి మీద పడ్డదంతా ఎత్తింది. ఆయన మళ్ళీ పోశారు. ఆమె మళ్ళీ ఎత్తింది. ఆ రోజంతా ఆ గదిలో తాపీ గీకుడు తప్ప మరో చప్పుడు లేదు. మొదటి రోజుల్లో ఆమె ఏదన్నా అన్నప్పుడల్లా చిరాకు పడ్డ మనిషి ఇప్పుడు ఒక్క మాట కోసం చెవులు రిక్కించి, పొద్దు వాలేదాకా గోడ ముందు నిలబడ్డారు. ఆమె ఒక్క తప్పూ దిద్దలేదు.

మంగళవారం మధ్యాహ్నం పక్కింటి నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల కోటు ఇంకా చేతి మీదే ఉంది. ముందుగది గోడ మీది ఎగుడుదిగుళ్ళు చూసి మొహమాటంగా చూపు తిప్పుకుని, ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఏం లేదమ్మా, మా వంటింటి గోడ వేలు దూరేంత బీటలిచ్చింది. ఎవరిని పిలిచినా వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారు. నీకు వీలైతే కాస్త చేసిపెడతావా?"

"నాకు రాదండీ. మా ఆయనే చేస్తారు."

నర్సమ్మ ముక్కున వేలేసుకుంది. "అదేమిటమ్మా? నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా. మాస్టారు తట్ట మోశారు, నువ్వు పూశావు. నా కళ్ళకేమైనా వచ్చిందా?"

ఆమె తల వంచుకుని దుప్పటి అంచు సర్దుతోంది. మాస్టారు బల్ల మీంచి దిగారు. దిగి, చేతిలో తాపీతో, బడిలో పెద్దసారు ముందు నిలబడ్డట్టు నిలబడి అన్నారు.

"ఆవిడే చేసిందండీ. నడిమిగది, వంటింటి గోడ, అంతా ఆవిడే. నాకు ఇదిగో, ఇంతే వచ్చు. వాళ్ళ నాన్నగారు మేస్త్రీ. తాపీ మేస్త్రీ."

ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. పెద్ద బరువు దించినట్టు ఉంటుందనుకున్నారు. ఏమీ కాలేదు. నర్సమ్మ, "అదీ సంగతి! చెయ్యి చూస్తేనే అనుకున్నా," అని మామూలుగా అంది. అంతే.

"చేస్తావా మరి?" అని ఆమెకేసి తిరిగింది నర్సమ్మ.

ఆమె దుప్పటి అంచు వదిలి లేచింది. "రేపొస్తాను," అంది.

నర్సమ్మ వెళ్ళాక, ఆమె ఏదో అంటుందని మాస్టారు చూశారు. ఆమె బకెట్ తీసుకుని కుళాయి కింద పెట్టింది.

"చెప్పాను కదా," అన్నారు ఉండబట్టలేక.

"చెప్పారు. నర్సమ్మగారికి చెప్పడం తేలికే కదండీ."

ఆ సాయంత్రం మాస్టారు వరండాలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేశారు. కుశలప్రశ్నలు అయ్యాయి. వదిన మోకాలినొప్పి గురించి కూడా అడిగారు. తర్వాత ఒక్క గుక్కలో, "అన్నయ్యా, ఆ గోడ నేను చెయ్యలేదు. నీ మరదలు చేసింది," అన్నారు.

"తెలుసురా," అన్నారు అన్నయ్య.

"తెలుసా?"

"ముప్పై ఏళ్ళుగా మేస్త్రీల మధ్యే తిరుగుతున్నాను. సిమెంటు తిన్న చేతులేవో నాకు తెలీదా? గ్లాసు అందుకుంటూ చూశాను. నీ చేతులూ చూశాను."

"మరెందుకడిగావు?"

"అడిగితే చెప్తావేమోనని."

మాస్టారు మొదలెట్టింది పూర్తి చెయ్యాలి కనక, "ఇంకోటి కూడా. మామయ్యగారు కాంట్రాక్టరు కాదు," అన్నారు.

"అదీ తెలుసు. పెళ్ళినాడు ఆయనే నా పక్కన కూర్చుని చెప్పాడు. ఫలానా ఆసుపత్రి మెట్లు, ఫలానా బడి ప్రహరీ నా చేతి మీద లేచినవే బాబూ అని వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఎంత గర్వంగా చెప్పాడో! నాన్నకి కూడా అప్పుడే చెప్పాను. నాన్న బాగా సంతోషించాడు. ఆ తర్వాత నువ్వు కాంట్రాక్టరు, కాంట్రాక్టరు అంటుంటే, నీకేదో ఇబ్బంది ఉంది కాబోలు, మనకెందుకని ఊరుకున్నాం."

వరండా గచ్చు మీద చీమలు బారుగా పోతున్నాయి. ఫోన్ పెట్టేశాక కూడా మాస్టారు చాలాసేపు వాటిని చూస్తూ కూర్చున్నారు.

బుధవారం పొద్దున ఆమె మేకు మీంచి తాపీ తీసి, పిడికి గుడ్డ చుట్టుకుంటోంది. మాస్టారు దగ్గరికి వచ్చారు.

"అన్నయ్యకి చెప్పాను. అంతా."

గుడ్డ చుట్టడం ఆగింది. "ఏమన్నారు?"

"వాళ్ళకి ముందే తెలుసట. పెళ్ళినాడే తెలుసట. మామయ్యగారే చెప్పారట."

ఆమె అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక చేతిలో గుడ్డ కొస అలాగే వేలాడుతూ ఉండిపోయింది. మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అడిగింది.

"మరి ఇన్నేళ్ళూ మనం ఎవరి దగ్గర దాచామండీ?"

'మనం' అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. దాచింది తను. ఆమె చేత దాయించింది తను. ఆమె గుడ్డ ముడి బిగించి, చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

మాస్టారు ముందుగదిలోకి వెళ్ళి, ఎండి గట్టిపడ్డ తన రెండు రోజుల పనిని ఊడగొట్టడం మొదలుపెట్టారు. ఈసారి మాత్రం సుత్తి ఎత్తే ముందు ఆగి, వేళ్ళు మడిచి కొట్టి విన్నారు. ఎక్కడ కొట్టినా ఒకేలా వినిపించింది. గుల్లేదో గట్టిదేదో ఆయన చెవికి తెలియలేదు. అంతా ఊడగొట్టారు.

మధ్యాహ్నం దాటినా ఆమె భోజనానికి రాలేదు. పని మధ్యలో ఉంటుంది, సిమెంటు కలిపేశాక లేవడం కుదరదు. అది ఇప్పుడు ఆయనకీ తెలుసు. అన్నం, కూర డబ్బాలో సర్దుకుని, ఒంటి నిండా దుమ్ముతో అలాగే పక్కింటికి నడిచారు.

నర్సమ్మ ఇంటి వంటింటి తలుపు వీధివైపే ఉంది. బార్లా తెరిచి ఉంది. ఆమె బల్ల మీద నిలబడి ఇటు వీపు చేసి పూస్తోంది. బీట సగం మూసుకుపోయింది. నర్సమ్మే కొంగు నడుముకి దోపి తట్ట అందిస్తోంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. ఆయన గుమ్మం బయట ఆగి, చిన్నగా దగ్గారు.

నర్సమ్మ తిరిగి చూసింది. "మాస్టారా! లోపలికి రండి."

"వద్దులెండి. ఈ డబ్బా ఇచ్చి పోదామని. బట్టల నిండా సిమెంటు."

బల్ల మీద ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మా నాన్నా ఇలాగే అనేవాడు నర్సమ్మగారూ," అంది గోడతో చెప్తున్నట్టు. "మేము అద్దెకున్న ఇంటి గేటు దగ్గర. పని మీద అటు వస్తే, కూరగాయల సంచీ నా చేతికిచ్చి, బట్టల నిండా సిమెంటమ్మా, ఇంకోసారి వస్తాలే అని వెళ్ళిపోయేవాడు. పోయేదాకా ఆ ఇంకోసారి రానే లేదు."

ఆ గేటు మాస్టారికి గుర్తుంది. ఆ మనిషి గుర్తున్నాడు. సైకిల్ హ్యాండిల్‌కి వేలాడే సంచీ, మోకాళ్ళ దాకా మడిచిన పంచె, సున్నం మరకలు. కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ తను ఎన్నోసార్లు చూశారు. చూసి, మర్యాద తెలిసిన మనిషి అనుకున్నారు. ఆ మనిషి వెళ్ళిపోయే వరకు పేపరు కిందికి దించేవారు కాదు.

"అయ్యో, సిమెంటైతే ఏమైంది?" అంది నర్సమ్మ, ఇవేమీ తెలియని నర్సమ్మ, డబ్బా అందుకుంటూ. "కడిగితే పోతుంది. రండి, లోపలికొచ్చి కూర్చోండి."

అంతే మాట. ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు ఆవిడకి.

మాస్టారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. లోపల ఆమె మళ్ళీ గోడ మీద తాపీ నడపడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు తెరలు తెరలుగా, ఆగకుండా, చాలాసేపు వినిపిస్తూనే ఉంది.